వీపు మీద చెయ్యి

మా గరివిడి గ్రౌండులో దుమ్ము నల్లగా ఉండేది.
మాంగనీసు లారీలు రాల్చిన దుమ్ము.
మా నిక్కర్లూ, మడమలూ, ఉమ్మి కూడా నలుపే.
ఎదటి జట్టు పిల్లలు మమ్మల్ని "బొగ్గు గుంటలు" అనేవారు.
ఓడిపోయేక అనేవారు కాదు.

ఖో ఖో ఆడనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి.
ఎనిమిదిమంది వరసలో కూచుంటాం,
ఒకర్తి మొహం ఇటు, పక్కదాని మొహం అటు.
తొమ్మిదోది పరిగెడుతుంది.
తల వెనక్కి తిప్పితే
దాలినాయుడు మాష్టారు చింతబరికె చూపించేవారు:
"దేవుడు కళ్లు ముందుకే ఇచ్చేడు.
వెనక్కి మీ వాళ్లున్నారు కదర్రా."

వీపు మీద చెయ్యి పడాలి, ఖో అని వినపడాలి,
అప్పుడు లేవాలి.
ముందే లేస్తే ఫౌలు.

సన్యాసమ్మ చెయ్యి నాకు నిద్దట్లోనైనా తెలుసు.
చూపుడువేలికి గోరు లేదు,
చిన్నప్పుడు తిరగలి కింద నలిగింది.
మిగతావాళ్లు తోసేవారు. అది తట్టేది.

జిల్లా పోటీలకి నెల ముందు
నా కుడి మోకాలు మెట్లు దిగుతుంటే టక్కుమనేది.
రాత్రి ఉప్పు కాపడం, పగలు నవ్వుమొహం.
తెలిసింది దానికొక్కదానికే.
పైడితల్లమ్మ మీద ఒట్టు పెట్టించుకున్నాను.

మాష్టారు నన్ను పక్కన కూచోపెట్టేరు.
రెండు మ్యాచులు, నీళ్లబిందె పక్కన.
కారణం చెప్పలేదు.
నా మోకాలి వంక చూసేరు, అంతే.

ఫైనలు విజయనగరం అయోధ్యా మైదానంలో.
తవిటమ్మ జొరంతో పడిపోతే నన్ను దింపేరు.
ఆఖరి నిమిషం. బొబ్బిలి పిల్ల ఒక్కర్తే మిగిలింది,
ఆకుపచ్చ రిబ్బను,
సరిగ్గా సన్యాసమ్మ మొహం ఎదుట.
ఇది లేచి చెయ్యి చాపితే చాలు.
నేను వెనకే ఉన్నాను.
చెమటకి చొక్కా అంటుకున్న వీపు,
కాచుకుని ఉన్న వీపు.
చెయ్యి ఎత్తేను.
దాటిపోయేను.

రెండు గళ్ల అవతల ఈశ్వరికి ఇచ్చేను ఖో.
అప్పటికి రిబ్బను స్తంభం చుట్టు తిరిగిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. పరుగులో పొరబాటనుకున్నారు.
పాసింజరు రైల్లో ఒక్క సెనగల పొట్లం
తొమ్మిదిమందిమి తిన్నాం.
అది తనకి పెట్టుకోకుండా నాకు అందించింది.
నేను తీసుకున్నాను.
సెనగలు గట్టిగా ఉన్నాయని కూడా అన్నాను.

ఇరవైరెండేళ్లు.

మొన్న రాజాం బస్సు, ఇసకవేస్తే రాలని జనం.
వెనకనుంచి వీపు మీద ఒక చెయ్యి తట్టింది,
"ముందుకి జరగండమ్మా."
నేను జరగలేదు,
నా కాళ్లు పరిగెత్తేయి,
రెండడుగులు, ఎవరిదో వంకాయల బుట్ట తన్నుకుంటూ.
తిరిగి చూస్తే ఖాకీ చొక్కా, భుజాన సంచి,
గోరు లేని చూపుడువేలు.

చీపురుపల్లి దాటేదాకా టిక్కెట్లు కొట్టింది.
తరవాత నా సీటు కమ్మీ పట్టుకు నిలబడి
అడక్కుండానే అంది:
"నానే సెప్పేను మాష్టారికి.
ఒట్టేసి మరీ సెప్పేను.
నీ కాలు పోద్దని బయమేసింది ఒలే."
బస్సు గోతిలో పడి లేచింది.
"నువ్వు కూకుండిపోతే కేప్టెను నానే అని కూడా అనుకున్నాను.
రెండూ నిజిమే."

ఇప్పుడు నా వంతు.
మాట నాలిక చివరికొచ్చింది. ఆ రోజు, నీ వీపు...
"తెల్సు," అంది. "నీ ఊపిరి ఇనబడింది.
సెయ్యి కూడా తెలిసింది,
తగలకపోయినా."

రాజాంలో దిగేను. మూడు మెట్లు.
మోకాలు టక్కుమంది, అయినా నిలబడింది.
వెనక విజిలు. బస్సు కదిలిపోయింది.

చిల్లర లేదని టిక్కెట్టు వెనక రాసిచ్చింది:
"రెండు రూపాయలు ఇవ్వాలి."
ఎవరు ఎవరికో రాయలేదు.